లక్క కింద పన్నెండు వోల్టులు

నమోదు 1

సిస్టర్ జసింత గాలిపెట్టె మీద మళ్ళీ ఎర్రదీపం వెలిగింది.

పచ్చదీపం వెలిగితే, ముక్కుకి పెట్టిన గొట్టంలో ఆక్సిజన్ చాలినంత వస్తోందని అర్థం. ఎర్రదీపం వెలిగితే చాలడం లేదని. పెట్టెలోని మోటారు బరువు మోస్తున్నట్టు మూలుగుతోంది. సిస్టర్ మాత్రం మూలగదు. పుస్తకంలో ఒక వాక్యం మధ్య వేలు పెట్టి ఆగుతుంది. ఊపిరి దొరికాక మిగతా వాక్యం చదువుతుంది. ఇంతకుముందు ఆమె ఇలా పేరా చివర కూడా ఆగేది కాదు.

నేను ఉండేది సిస్టర్ దగ్గరే. పనిచేసే రిపేరు గదిలో ఈ సంగతి చెప్పాను. "మోటారు ముసలిదైపోయిందమ్మా" అన్నారు. ఆ గదిలో అన్ని వస్తువులకీ ఒకటే జబ్బు, ముసలితనం. ఆలోచించడం ఇష్టం లేనివాళ్ళకి చాలా ఉపయోగపడే జబ్బు అది.

మోటారు విప్పి చూశాను. మోటారులో మొదట అరిగేవి బ్రష్షులు, అవి సగం కూడా అరగలేదు.

నమోదు 2

పెట్టెలో తప్పు లేకపోతే పెట్టెకి వచ్చే కరెంటులో ఉండాలి. సముద్రం మీద మంచెలు కట్టుకున్న మా ఊళ్ళో ప్రతి ఇంటి గుమ్మం పక్కనా ఒక రెగ్యులేటరు డబ్బా ఉంటుంది. కింద సముద్రంలో అలల చక్రం తిరుగుతుంది. దాని తీగలో వచ్చే వోల్టేజి ఒక పూట ఎక్కువ, ఒక పూట తక్కువ. దాన్ని పన్నెండు వోల్టులకి దించి, అక్కడే నిలబెట్టడం రెగ్యులేటరు పని.

లోపలికి వచ్చేది కొలిచాను. చాలినంత ఉంది. బయటికి వచ్చేది కొలిచాను. పన్నెండు. గాలిపెట్టె ఆపి కొలిస్తే పన్నెండు, నడిపిస్తూ కొలిస్తే పన్నెండు. తీగల చివర్లు ఉప్పు పట్టి ఉంటే నిమ్మచెక్కతో తోమాను. పాత కెపాసిటరు తీసి కొత్తది అతికించాను. రెగ్యులేటరు మీద వేలు పెట్టి చూశాను, వేడి లేదు. చివరికి గాలిపెట్టె లోపల, మోటారు కాళ్ళ దగ్గరే కొలిచాను.

పన్నెండు.

అన్నీ సరిగ్గా ఉండి ఫలితం తప్పయితే, ఆ సరిగ్గా ఉన్నవాటిలో ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది. స్కూల్లో సిస్టర్ మాకు నేర్పింది ఇదే. పరీక్షలో ఎప్పుడూ అడగలేదు కాబట్టి మిగతావాళ్ళు మర్చిపోయారు.

డబ్బాలో ఒక చిన్న స్క్రూ ఉంది. దాన్ని పావు వంతు తిప్పితే వోల్టేజి కొంచెం పెరుగుతుంది. అప్పుడు దీపం పచ్చగా మారుతుందో లేదో తెలిసిపోతుంది. కానీ స్క్రూ మీద, ఊరి కరెంటు చూసే కమిటీ వారి లక్క ముద్ర ఉంది. లక్క పగిలిన ఇంటికి తీగ తెంపేస్తారు. తీగ తెంపితే ఎర్రదీపం కూడా ఉండదు.

నమోదు 3

కమిటీ అధ్యక్షుడు ముమ్మిడి భద్రం గారి దగ్గరికి వెళ్ళాను. నాకు పెద్దవాళ్ళ ముందు గొంతు పెగలదు. చెప్పాల్సింది దారి పొడవునా నాలుగు వాక్యాలుగా కూర్చుకున్నాను. ఆయన ఒకటి కూడా చెప్పనివ్వలేదు.

"ఏవమ్మా సలోమీ, పన్నెండొస్తోందా లేదా?"

"వస్తోందండి."

"మరింకేటి నీ బాధ?"

"పెట్టె నడవట్లేదండి."

"పన్నెండొస్తే నడవాలి కదా."

"అదేనండి నేను..."

"అంటే తప్పు పెట్టెదే. రెగ్యులేటరుది కాదు. లక్క నేనే వేశాను, నా చేత్తో." ఆ చేతిని ఒకసారి తిప్పి చూసుకున్నారు. "సిస్టర్ గారిని అడిగానని చెప్పు. మహాతల్లి. నాకూ ఆవిడే చెప్పారు సైన్సు."

ఆవిడ చెప్పింది నిజమే. ఈయన వినడం వేరే సంగతి.

నమోదు 4

లైన్‌మన్ గంగాచలాన్ని, ఊళ్ళో దొరికినన్ని మీటర్లు తెమ్మన్నాను. గోనెసంచిలో అయిదు తెచ్చాడు. ఒక్కొక్కటీ పెట్టి చూపించాడు. అయిదూ పన్నెండే అన్నాయి.

"సూశారా అమ్మాయిగోరూ! అయిదూ అన్నదమ్ముల్లాగ ఒకటే మాట."

"అయిదింటికీ ఆ మాట నేర్పిందెవరు?"

"ఎవరేటండీ, పెద్ద మీటరు." ఇది కూడా తెలియదా అన్నట్టు చూశాడు. "సరి పండక్కి అందరం అట్టుకెళ్తాం కదండీ. పెద్ద మీటరు ఎంతంటే మా మీటర్లు అంత అనేదాకా తిప్పుతారు. తిప్పి లక్కేస్తారు. ఆయ్, మీరూ వచ్చేరు కదా కిందటేడు."

వచ్చాను. వరసలో నిలబడి పుస్తకం చదువుకున్నాను.

పెద్ద మీటరు సముద్రంలో మునిగిపోయిన సబ్‌స్టేషన్ నుంచి పైకి తీసింది. దాన్ని పట్టుగుడ్డలో చుట్టి దాచి, ఏడాదికొక్కసారి, సరి పండగనాడు, పీట మీద పెడతారు. మూత ఎవరూ తియ్యకూడదు, దానికీ లక్కే. దాన్ని బట్టి ఇళ్ళ మీటర్లు, ఆ మీటర్లని బట్టి రెగ్యులేటర్లు. ఒక్క గొంతు విని ఊరంతా అదే పాట పాడుతోంది. శ్రుతి కుదిరిందని వీళ్ళకి సంతోషం. ఆ మొదటి గొంతు శ్రుతిలో ఉందా అని అడిగినవాళ్ళు లేరు.

నమోదు 5

భద్రం గారిని ఎరగనిదీ, పండక్కి ఎప్పుడూ వెళ్ళనిదీ ఒకటి కావాలి. దాన్ని పట్టుకుని మీటర్లని కొలవాలి.

రాగి, జింకు.

పదో తరగతిలో సిస్టర్ బల్ల మీద చేసి చూపించింది. గాజు సీసాలో మైలుతుత్తం నీళ్ళు, అందులో రాగి రేకు. ఆ సీసాలో ఒక ముంత, మెరుగు పెట్టని మట్టిది, నీరు ఊరాలి. ముంతలో ఉప్పునీళ్ళు, అందులో జింకు. రాగికీ జింకుకీ మధ్య ఒకటి పాయింట్ ఒక వోల్టు వస్తుంది. అది వాటి స్వభావం. ఏ కమిటీ నిర్ణయించినదీ కాదు.

మైలుతుత్తం రొయ్యల మడుల వాళ్ళ దగ్గర తెచ్చాను. జింకు కోసం పాత బ్యాటరీల డొక్కులు కోశాను. రాగి రేకు సిస్టర్ గదిలోని చిల్లుపడిన పూలకుండీది. ముంతలు టీ కొట్టువి.

గంగాచలం మీటరు పెట్టాడు. "ఒకటీ పాయింటు ముప్పై రెండండీ."

మళ్ళీ కడిగి, కొత్త నీళ్ళు పోసి, వేరే ముంతతో చేశాను. మళ్ళీ ముప్పై రెండు. మీటరు మార్చాం. అదే.

"తక్కువా ఎక్కువా అండీ?" అన్నాడు.

"పది ఉన్నచోట పన్నెండు చెప్పేంత ఎక్కువ."

అతను లెక్క వెయ్యలేదు. నేను వేశాను. సిస్టర్ పెట్టెకి పది వోల్టులే అందుతున్నాయి. ఈ ఊరంతా పది వోల్టుల మీద బతుకుతూ పన్నెండని చెప్పుకుంటోంది. అన్నం ఉడకడం ఆలస్యమైతే బియ్యాన్ని తిడుతోంది. చేపలు పాడైతే ఎండని తిడుతోంది. సిస్టర్‌కి ఊపిరి ఆడకపోతే వయసుని.

నమోదు 6

సిస్టర్ గోళ్ళు నీలంగా ఉన్నాయి. రేపు సరి పండగ.

"వెళ్ళి అందరి ముందూ చెప్పు" అంది.

"నాకు నలుగురిలో నోరు రాదు, సిస్టర్."

"తెలుసు." ఊపిరి కోసం ఆగింది. "నీకు నోరు రాదు. వాళ్ళ మాట చెవికి ఎక్కదు. సరిపోయింది." మళ్ళీ ఆగింది. "ముంతలు తీసుకెళ్ళు. అవి సిగ్గుపడవు."

నమోదు 7

తీసుకెళ్ళాను.

మంచెల మధ్య పరిచిన పెద్ద బల్లల మీద ఊరంతా ఉంది. డప్పులు ఉన్నాయి. చేతుల్లో మీటర్లు పట్టుకుని, పిల్లకి అక్షరాభ్యాసం చేయించడానికి వచ్చినట్టు అందరూ వరసలో నిలబడ్డారు. పీట మీద బంతిపూల మధ్య పెద్ద మీటరు. దాన్ని నేను ఎప్పుడూ పరీక్షగా చూడలేదు.

అంకెల పక్కన, మూల మీద, చిన్న గుర్తు వెలుగుతోంది. దాన్ని ముద్ర అంటారు. కొన్నేళ్ళ కిందట పండగ రోజునే అది మొదటిసారి ప్రత్యక్షమైంది. అప్పుడు డప్పులు వాయించారనీ, పానకం పోశారనీ చెప్పుకుంటారు. మీటరు మన మీద దయ తలచిందని భద్రం గారు ఉపన్యాసం ఇచ్చారు. అప్పటినుంచీ లక్క ముద్ర మీద ఆ బొమ్మే చెక్కిస్తున్నారు. లక్క మీద అది పువ్వు మొగ్గలా ఉంటుంది కాబట్టి నేనూ ఎన్నడూ పట్టించుకోలేదు.

దగ్గర నుంచి చూస్తే అది మొగ్గ కాదు. చిన్న డబ్బా. దానికి ఒక కొమ్ము. లోపల ఒక కూడిక గుర్తు, ఒక తీసివేత గుర్తు. పదో తరగతి పుస్తకంలో బ్యాటరీ బొమ్మ.

మీటరు లోపలి బ్యాటరీ అయిపోతోంది. బ్యాటరీ నీరసించిన మీటరు తన కొలబద్దే కుంగి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే దీన్ని చేసినవాళ్ళు ముందుగానే ఒక గుర్తు పెట్టారు, ఆకలేస్తే చెప్పమని. ఇది కొన్నేళ్ళుగా ఆకలేస్తోందని చెబుతోంది. వీళ్ళు దండం పెడుతున్నారు.

నా వంతు వచ్చింది. మీటరు బదులు సీసా, ముంత పీట ముందు పెట్టాను.

"ఏటమ్మా ఇది, నైవేద్యమా?" అన్నారు భద్రం గారు. నవ్వులు.

"కొలవండి."

ఎందుకో పెద్ద మీటరుతోనే కొలిచారు. బహుశా నవ్వు ఇంకాస్త సాగుతుందని. "ఒకటి పాయింట్ మూడు రెండు. అయితే?"

"ఒకటి పాయింట్ ఒకటి ఉండాలండి."

"ఎవరన్నారు?"

"రాగి, జింకు..." ఆ గుర్తు వైపు వేలు చూపించాను. "అది బ్యాటరీ అయిపోయిందని..."

"ముద్ర వైపు వేలు చూపించకమ్మా, తప్పు." గొంతు మెత్తగానే ఉంది. మెత్తగా మాట్లాడేటప్పుడే ఆయన ఏమీ వినరు. జనం వైపు తిరిగారు. "పెద్ద మీటరు చెప్పిందొకటి, ముంత చెప్పాల్సిందొకటీనంట. అయితే ఏం చెయ్యాలి? ముంతని సరిచేయించాలి."

చప్పట్లు కొట్టారు. ముంతని ఎలా సరిచేయిస్తారో ఒక్కరూ అడగలేదు. జింకుని వరసలో నిలబెట్టి స్క్రూ తిప్పుతారు కాబోలు. నా వెనకాల ఉన్నావిడ "కొంచెం పక్కకి జరగమ్మా, మాది ఫ్రిజ్జు మీటరు" అంది.

జరిగాను.

నమోదు 8

ఇంటికొచ్చి పెన్సిలు చెక్కుకునే చాకుతో లక్క పగలగొట్టాను. ఇంత తేలిగ్గా పగులుతుందని ఎవరూ చెప్పలేదు.

అబద్ధం చెప్పే నా మీటరు పద్నాలుగు పాయింట్ నాలుగు చూపించేదాకా స్క్రూ తిప్పాను. అంటే నిజమైన పన్నెండు. మోటారు మూలుగు సన్నబడి, ఒక పల్చటి హోరుగా మారింది. ఎర్రదీపం ఆరింది. కాసేపు ఏ దీపమూ లేదు. ఆ కాసేపు ఎలా గడిచిందో రాయను. తరవాత పచ్చదీపం.

సిస్టర్ పుస్తకం తీసి పైకి చదివింది. ఒక పేరా, ఆగకుండా. ఆ పేరా చివర నావైపు చూసి, "తెంపేస్తారు కదా" అంది.

"తెంపేస్తారు."

"అందాకా చదువుకుందాం."

నమోదు 9

గంగాచలం లైను చూడ్డానికి వచ్చి, పగిలిన లక్క చూశాడు. గుమ్మంలో కూలబడ్డాడు.

"నాకెందుకు కనబడిందండీ ఇది? నేను సెప్పకపోతే నా తీగ తెంపుతారు. సెప్తే నరకానికి పోతాను. సిస్టరుగారు నన్ను బెత్తంతో కొట్టి మరీ ఎక్కాలు నేర్పేరు."

"చెప్పు" అంది సిస్టర్ లోపలినుంచి. "నరకం సంగతి నేను చూసుకుంటాను."

మా ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. తీగ తెంపాలంటే అధ్యక్షుడే, తన చేత్తోనే, ఇంటి ముందు అందరూ చూస్తుండగా తెంపాలి. వెనకటివాళ్ళు ఎవరో తెలివైనవాళ్ళు పెట్టి ఉంటారు. వాళ్ళ తెలివిలో తరవాతి తరాలకి అందింది ఈ ఒక్కటే.

భద్రం గారు పట్టకారు పట్టుకుని వచ్చారు. వెనక బల్లల మీద జనం. సిస్టర్ కుర్చీ గుమ్మంలోకి లాగించుకుని కూర్చుంది, ముక్కుకి గొట్టంతో.

"రా భద్రం. చెయ్యి వణక్కుండా కొయ్యి. తొమ్మిదో తరగతిలో కప్పని కోసేటప్పుడు వణికింది."

జనంలో ఎవరో నవ్వి, దగ్గులా మార్చారు.

"సిస్టర్ గారూ, మీరంటే నాకు దేవత. కానీ రూలు..."

"రూలు మంచిదే. ఏ తీగ తెంపుతున్నావో పైకి చెప్పి తెంపు. అది ఒక చివర అలల చక్రానికి ఉంది. రెండో చివర నా ముక్కుకి ఉంది. చెప్పు."

ఆయన మీటరు తీసి డబ్బాకి పెట్టారు. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనబడాలి కదా. "పద్నాలుగు పాయింట్ నాలుగు" అని చదివారు. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇంతొస్తే ఈపాటికి పెట్టె కాలిపోవాలే. ఎందుకు కాల్లేదు?"

"అది పన్నెండే కాబట్టి కాలలేదండి."

అన్నది నేనే. బల్లల చివరిదాకా వినబడింది. నలుగురిలో నా గొంతు ఎలా ఉంటుందో అప్పుడే విన్నాను. అనుకున్నంత చిన్నదేం కాదు.

భద్రం గారు పచ్చదీపం వైపు చూశారు. సిస్టర్ గోళ్ళ వైపు చూశారు, వాటి నీలం పోయింది. ఆయనకి అర్థమైంది. ఆయన తెలివితక్కువవాడు కాదు. తెలివితక్కువవాడైతే నేను క్షమించి ఉండేదాన్ని. అర్థమైన మనిషి, పట్టకారు జేబులో పెట్టుకుని, గొంతు సవరించుకుని, జనం వైపు తిరిగి ఇలా అన్నారు:

"సిస్టర్ గారి వయసునీ, ఈ ఊరికి వారు చేసిన సేవనీ దృష్టిలో పెట్టుకుని, ఈ ఇంట్లో మాత్రం పద్నాలుగు పాయింట్ నాలుగుని పన్నెండుగా భావించడమైనది. ఇది ప్రత్యేక మినహాయింపు."

చప్పట్లు. ముంతని సరిచేయించమన్నప్పుడు కొట్టినవే, అంతే గట్టిగా.

ఆయన స్వయంగా లక్క కరిగించి, స్క్రూ మీద పోసి, ముద్ర వేశారు. బ్యాటరీ అయిపోయిందన్న ఆ బొమ్మతోనే. నిజం ఎదురుగా గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన దాన్ని ముట్టుకోకుండా ఊరంతా చుట్టి వచ్చి, కిటికీలోంచి లోపలికి దూకారు. బట్టలు నలగలేదు.

"భద్రం ఎప్పుడూ అంతే" అంది సిస్టర్. "లెక్క తప్పు, జవాబు ఒప్పు. నేను సగం మార్కులు వేసేదాన్ని."

"నేనైతే వెయ్యను."

"తెలుసు. అందుకే నిన్ను టీచర్ని చెయ్యలేదు."

నమోదు 10

మినహాయింపులు మొదలయ్యాయి.

మంత్రసాని వీధి వాళ్ళు కాన్పు గదికి అడిగారు. ఇచ్చారు. ఫ్రిజ్జు ఆవిడ అడిగింది. ఇచ్చారు. గంగాచలం తన అత్తగారి కీళ్ళనొప్పులు కారణంగా అడిగాడు. దానికీ వోల్టేజికీ సంబంధం ఏమిటని నేను అడిగితే, "మీకెందుకండీ, ఇచ్చేరు కదా" అన్నాడు. కారణం ఎంత అడ్డదిడ్డంగా ఉంటే కమిటీకి అంత ఇష్టం. నిజమైన కారణం ఒక్కటే చెప్పకూడదు. స్క్రూలు తిప్పే పని నాకు అప్పగించారు. తిప్పుతున్నాను. ఇళ్ళలో దీపాలు తెల్లబడుతున్నాయి. దీపం తెల్లగా ఉంటుందని కొందరికి ఇప్పుడే తెలిసింది. మినహాయింపు లేని ఇల్లు ఇక ఊళ్ళో దాదాపు లేదు. అయినా పెద్ద మీటరు పట్టుగుడ్డలో క్షేమంగానే ఉంది.

నమోదు 11

భద్రం గారి భార్య రత్నమాణిక్యం గారు వచ్చారు.

"మా ఇంటికి మాత్రం ఒప్పుకోరమ్మా. అధ్యక్షుడి ఇల్లు ఆదర్శంగా ఉండాలంట, సరిగ్గా పన్నెండే ఉండాలంట. ఊరంతా వెలుగు, మేం గుడ్డిదీపం. నువ్వొచ్చి గబుక్కున తిప్పేసి పోకూడదూ?"

"ఆయన్ని వచ్చి అడగమనండి."

"ఆయన అడుగుతారామ్మా?"

"అయితే తిప్పను."

"మా ఆయనంటే నీకు అంత కోపమా?"

"కోపం కాదండి."

కాదు. కోపం ఉంటే బాగుండేది. కోపం కొన్నాళ్ళకి పోతుంది.

"సలోమీ" అంది సిస్టర్ లోపలినుంచి. ఆ గొంతు ఇప్పుడు రెండు గదులు దాటి వస్తోంది. "ఆవిడేం చేసింది? ఆవిడ కూడా ఆ దీపం కిందే కూర్చుంటుంది. వెళ్ళు."

ఊపిరి నిండా ఉన్న మనిషితో వాదించడం కష్టం. స్క్రూడ్రైవరు తీసుకుని వెళ్ళాను.

భద్రం గారు భోజనం చేస్తున్నారు. గుమ్మంలో నన్ను చూశారు. చేతిలో స్క్రూడ్రైవరు చూశారు. కంచం తీసుకుని, పీట మీద మెల్లగా అటు తిరిగి, గోడకి ఎదురుగా కూర్చుని మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

లక్క పగలగొట్టాను. ఆ చప్పుడు ఆయనకి వినబడకుండా ఉండే అవకాశం లేదు. స్క్రూ తిప్పాను. ఆయన తల మీది దీపం ఎరుపు పోయి, పసుపు పోయి, తెల్లగా నిలబడింది. గోడ మీద ఆయన నీడ నల్లగా, అంచులు స్పష్టంగా పడింది.

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. తల ఎత్తలేదు. తెల్లటి వెలుగులో కనబడ్డ ముళ్ళు ఏరి కంచం అంచున పెట్టి, ఒక ముద్ద తిన్నారు.

"రత్నం," అన్నారు గోడతోనే, "ఇవాళ చేపలో ముళ్ళు తక్కువున్నాయే."